తీరికలో పదమూడు నిమిషాల తేడా

2014లో మన దేశంలో ఒక జీబీ మొబైల్ డేటా సగటున 269 రూపాయలు. 2018 వచ్చేసరికి అదే జీబీ 11 రూపాయల 78 పైసలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన లెక్క ఇది. నాలుగేళ్లలో ధర ఇరవై మూడో వంతుకు దిగిన సరుకు మన ఇళ్లలోకి ఇంకొకటి వచ్చినట్టు నాకు గుర్తులేదు. వాడకం కూడా అలాగే ఎగబాకింది. 2014లో దేశమంతా కలిసి వాడిన డేటా 82.8 కోట్ల జీబీ అయితే, 2018లో 4,640 కోట్ల జీబీ. అంటే 56 రెట్లు. ఆ తర్వాతా ఆగలేదు. 2024 మార్చి నాటికి ఒక్కో చందాదారు నెలకు సగటున 20 జీబీకి పైనే వాడుతున్నారు.

బొమ్మ చవకైంది, చేతిలోకి వచ్చింది. దాన్ని చూసే తీరిక ఎంత పెరిగిందో చెప్పే లెక్క కూడా మన దగ్గర ఉంది. దాని గురించి మాట్లాడుకునేవాళ్లే తక్కువ.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో మరోసారి ఇంటింటికీ వెళ్లి, నిన్నటి 24 గంటలు ఎలా గడిచాయో చెప్పమని అడిగింది. సమయ వినియోగ సర్వే అని దానికి పేరు. 2024లో 1,39,487 ఇళ్లలో, ఆరేళ్లు అంతకు పైబడిన 4,54,192 మంది వివరాలు తీసుకున్నారు. నిద్ర, తిండి, ఉద్యోగం, చదువు, ఇంటిపని, పిల్లల సంరక్షణ, ఇలా పద్దులు విడగొట్టారు. వాటిలో ఒకటి సంస్కృతి, తీరిక, ప్రసార సాధనాలు, ఆటల పద్దు. టీవీ, ఫోన్‌లో వీడియోలు, పాటలు, సినిమాకి వెళ్లడం, పత్రిక చదవడం, క్యారమ్స్, క్రికెట్, ఏమీ చేయకుండా కాసేపు నడుం వాల్చడం, అన్నీ ఇందులోకే వస్తాయి. అరుగు మీద కబుర్లు, గుడికి వెళ్లడం వేరే పద్దు.

ఈ తీరిక పద్దులో 2019లో మనిషికి రోజుకు 165 నిమిషాలు. 2024లో 171 నిమిషాలు. రీల్స్, ఓటీటీలు, లాక్‌డౌన్లు, 5జీ, అన్నీ చూసిన అయిదేళ్లకు గాను పెరిగింది ఆరు నిమిషాలు.

ఆ ఆరు నిమిషాలను ఆడ, మగ అని విడదీసి చూడాలి. 2019లో మగవాళ్లది 164, ఆడవాళ్లది 165. ఇద్దరూ ఇంచుమించు సమానం, ఆడవాళ్లదే ఒక నిమిషం ఎక్కువ. 2024లో మగవాళ్లది 177కి చేరింది. ఆడవాళ్లది 164కి దిగింది. మగవాళ్లకు పదమూడు నిమిషాలు కలిసొచ్చాయి. ఆడవాళ్లకు ఒక నిమిషం పోయింది. ఇప్పుడు ఇద్దరి మధ్యా తేడా సరిగ్గా పదమూడు నిమిషాలు.

పదమూడు నిమిషాలు చిన్న లెక్కలా అనిపిస్తాయి. ఏడాదికి కూడితే 79 గంటలు. రెండున్నర గంటల సినిమా చొప్పున చూసుకుంటే 31 సినిమాలు. ఒకే కప్పు కింద ఉండే ఇద్దరిలో ఒకరికి ఏడాదిలో అన్ని సినిమాల తీరిక ఎక్కువ దొరుకుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పై అంకెలన్నీ ఆ రోజు ఎంతో కొంత తీరిక దొరికినవాళ్ల సగటు. అసలు దొరకనివాళ్లు అందులో లేరు. అందరినీ కలిపి చూపే లెక్క ఇంకొకటుంది. రోజు మొత్తంలో ఈ పద్దు వాటా 2019లో 9.9 శాతం, 2024లో 11 శాతం. నిమిషాల్లోకి మారిస్తే 143 నుంచి 158. ఈ కొలతలో పెరుగుదల 15 నిమిషాలు, ఎందుకంటే అయిదేళ్ల కిందటి కంటే ఎక్కువమంది రోజులో కాస్తయినా తెర ముందుకో ఆట ముందుకో వస్తున్నారు. రెండు లెక్కలూ నిజమే. ఎవరైనా మీకు ఒక సగటు చెబితే, అది చేసినవాళ్ల సగటా, అందరి సగటా అని ముందు అడగండి.

ఆడవాళ్ల తీరిక ఎందుకు పెరగలేదో తెలియాలంటే పక్క పద్దు చూడాలి. ఇంట్లోవాళ్ల కోసం జీతం లేకుండా చేసే పనులు: వంట, అంట్లు, బట్టలు, ఊడ్చడం. 2024లో ఈ పనులు చేసిన ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెట్టారు. చేసిన మగవాళ్లు 88 నిమిషాలు. ఇక్కడా చేసినవాళ్ల సగటే. ఆడవాళ్లలో 81.5 శాతం మంది చేస్తే, మగవాళ్లలో చేసినవాళ్లు 27.1 శాతం. చేసినా చేయకపోయినా అందరికీ పంచి చూస్తే, ఆడమనిషికి రోజుకు 236 నిమిషాలు, మగమనిషికి 24 నిమిషాలు పడతాయి. దాదాపు పదింతలు.

2019తో పోల్చితే ఆడవాళ్ల ఇంటిపని 299 నుంచి 289కి, పది నిమిషాలు తగ్గింది. గ్యాస్ పొయ్యి, మిక్సీ, వాషింగ్ మెషిన్, కుళాయి, ఏ ఇంట్లో ఏది ఆదుకుందో గానీ తగ్గిన మాట నిజం. సంతోషించే విషయమే. అదే అయిదేళ్లలో మగవాళ్ల ఇంటిపని కూడా 97 నుంచి 88కి, తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఆడవాళ్లకు మిగిలిన పది నిమిషాలు మాత్రం తీరిక పద్దులోకి రాలేదు. కొంత బయటి పనికి వెళ్లి ఉంటుంది: 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో ఉద్యోగం, ఉపాధి పనులు చేసేవారు 21.8 శాతం నుంచి 25 శాతానికి పెరిగారు. కొంత పిల్లల మీద, ముసలివాళ్ల మీద ఖర్చయి ఉంటుంది: ఇదే వయసు ఆడవాళ్లలో 41 శాతం మంది ఆ పని చేశారు, రోజుకు 140 నిమిషాలు. మగవాళ్లలో 21.4 శాతం మంది, 74 నిమిషాలు.

ఈ సర్వే ఎలా చేస్తారో తెలుసుకున్నాక నాకు మా ఇంటి మీదే ప్రయోగం చేయాలనిపించింది. సర్వే వారి రోజు తెల్లవారుజామున 4 గంటలకు మొదలై మర్నాడు 4కి ముగుస్తుంది. దాన్ని అరగంట చొప్పున 48 గడులు చేస్తారు. ఒక గడిలో ఒకటికి మించి పనులుంటే అవీ రాసుకుని, వాటిలో ముఖ్యమైనది ఏదో గుర్తిస్తారు. నేను నలుగురికీ నాలుగు కాగితాలు గీసి ఒక మంగళవారం పూర్తి చేశాను.

సాయంత్రం ఏడున్నర గడి దగ్గర ఆగిపోయాను. అమ్మ హాల్లో కూర్చుని ఉంది. టీవీలో సీరియల్. ఒళ్లో చేట, చేటలో చిక్కుడుకాయలు. "ఇందులో ముఖ్యమైన పని ఏదమ్మా?" అని అడిగాను. "చిక్కుడుకాయలే రాయవే. సీరియల్‌దేముంది, చెవిన పడుతుంటుంది" అంది. అదే అరగంట నాన్న కాగితంలో ఒకటే పని, టీవీ. తమ్ముడి కాగితంలో ఒకటే పని, ఫోన్. టీఆర్‌పీ లెక్కల వాళ్ల దృష్టిలో అమ్మ ఆ అరగంట పూర్తి ప్రేక్షకురాలు. సర్వే లెక్కలో ఆమె వంటపనిలో ఉన్న మనిషి.

తెలుగు సీరియళ్లను తీసిపారేసేవాళ్లు ఈ సంగతి గమనించరని నా అభిప్రాయం. పాత్రలు జరిగిందంతా మళ్లీ నోటితో చెప్పుకోవడం, కోపానికో సంగీతం దుఃఖానికో సంగీతం, నిన్నటి కథ ముందు వేయడం, ఇవన్నీ తల ఎత్తి తెర వంక చూసే వీలు లేనివాళ్లకు పనికొస్తాయి. వంటింట్లోంచి విన్నా కథ తప్పిపోదు. సీరియల్ ఒక రకంగా బొమ్మలున్న రేడియో. స్టార్ మా చానెల్‌లో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీకదీపం' 1,500 ఎపిసోడ్లు దాటింది. అరగంట చొప్పున 750 గంటలు, పగలూ రాత్రీ కలిపి 31 రోజులు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదన్న నిబంధన ప్రకారం లెక్కేసినా, అందులో 150 గంటల దాకా ప్రకటనలకే పోవచ్చు. ఆ గంటల్లో ఎన్ని అమ్మ కళ్లతో చూసింది, ఎన్ని చెవులతో చూసింది అన్నది ఏ మీటరూ చెప్పలేదు.

మీటరు సంగతి క్లుప్తంగా. టీవీ ప్రేక్షకులను కొలిచే బార్క్ సంస్థ దేశంలో సుమారు 55 వేల ఇళ్లలో మీటర్లు పెట్టింది. ఇంట్లో ఒక్కొక్కరికీ రిమోట్‌లో ఒక మీట ఉంటుంది, టీవీ ముందు కూర్చున్నప్పుడు నొక్కాలి. బార్క్ 2020 అంచనా ప్రకారం టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. అంటే ఒక్కో మీటరు ఇల్లు ఇంచుమించు 3,800 ఇళ్ల తరఫున చూస్తున్నట్టు.

ఒక్క టీవీ ముందు చాలామంది కూర్చోవడం మనకు కొత్త కాదు. అసలు మొదలే అలా. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా నుంచి ఏడాదికి తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు, ఊరికొక టీవీ. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ, నాలుగు భాషలకూ కలిపి ప్రసారం రోజుకు నాలుగు గంటలు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. సేద్యం, ఆరోగ్యం, చదువు, మధ్యలో కాస్త ఆటపాట. 1976 జులై 31తో ఉపగ్రహం వెళ్లిపోయింది, ఆ ప్రసారాలూ ఆగాయి. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. 1982లో ఆసియా క్రీడల ఏడాది రంగులొచ్చాయి. శుక్రవారం 'చిత్రలహరి'కి, వారాంతపు సినిమాకి టీవీ ఉన్న ఇంటి గుమ్మంలో చెప్పుల కుప్ప ఉండేదని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. డాబా మీద యాంటెన్నా తిప్పడానికి ఒకరు, "వచ్చింది, వచ్చింది, ఇంకొంచెం" అనడానికి కింద ఒకరు.

1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ వచ్చాక తెలుగు ప్రేక్షకుడికి రోజంతా తెలుగు దొరికింది. తెర మాత్రం ఇంకా ఒకటే. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం. 2001 జనగణనలో దేశంలో 31.6 శాతం ఇళ్లలో టీవీ ఉంది, 35.1 శాతం ఇళ్లలో రేడియో. పదేళ్లకు 2011లో టీవీ 47.2 శాతానికి ఎక్కితే రేడియో 19.9 శాతానికి దిగింది. ఇంట్లో రెండో తెర అన్నది ఆ రోజుల్లో బాగా కలిగినవాళ్ల మాట.

రెండో తెర, మూడో తెర జియో వచ్చిన 2016 సెప్టెంబరు 5 తర్వాత జేబుల్లోంచి వచ్చాయి. ఆపైన 2020. ఆ ఏడాది ఉగాది మార్చి 25న పడింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. తెలుగుకే అంకితమని చెప్పుకున్న ఆహా ఓటీటీ అధికారికంగా మొదలైంది ఆ ఉగాదికే. మూడు రోజులకు దూరదర్శన్ పాత 'రామాయణ్' మళ్లీ వేసింది. ఇంటిల్లిపాదీ ఒక్క తెర ముందు కూర్చోవడం, ఎవరి తెరలోకి వాళ్లు వెళ్లిపోవడం, రెండూ ఒకే వారంలో జరిగాయి. సెప్టెంబరు 5న నాని నటించిన 'వి' థియేటరు ముఖం చూడకుండా నేరుగా ప్రైమ్ వీడియోలోకి వచ్చింది.

ఇప్పుడు ఫోన్ లెక్కలకు వద్దాం. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఈవై సంస్థ అంచనా ప్రకారం 2024లో భారతీయులు స్మార్ట్‌ఫోన్ మీద గడిపిన సమయం 1.1 లక్షల కోట్ల గంటలు, మనిషికి రోజుకు దాదాపు అయిదు గంటలు. అందులో 70 శాతం సోషల్ మీడియా, ఆటలు, వీడియోలకే. అయిదు గంటల్లో 70 శాతమంటే 210 నిమిషాలు. సర్వే చెప్పిన తీరిక మొత్తమే 171 నిమిషాలు కదా, అందులో ఈ 210 ఎక్కడ పట్టాయి?

రెండింటి కొలబద్దలు వేరు. 1.1 లక్షల కోట్ల గంటలను ఏడాదిలోని రోజులతో భాగిస్తే రోజుకు 300 కోట్ల గంటలు, దాన్ని అయిదుతో భాగిస్తే 60 కోట్ల మంది. అంటే ఆ అయిదు గంటలు స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లవి. సర్వే లెక్కలో ఫోన్ ముట్టని ముసలమ్మ ఉంది, ఆరేళ్ల పిల్లాడున్నాడు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి. ఫోన్ వేరే పనుల సందుల్లో దూరుతుంది. బస్సులో, అన్నం తింటూ, దుకాణంలో బేరం లేనప్పుడు, పరుపు మీద నిద్రపట్టే దాకా. సర్వే మనిషిని అడిగి రాసుకునే లెక్క. సందుల్లో పోయిన మూడేసి నిమిషాలు అడిగితే ఎవరికీ గుర్తుండవు. నా ఫోన్ చూపించే వాడకం సమయానికీ, ఆ మంగళవారం నా కాగితంలో నేను రాసుకున్నదానికీ గంటా పది నిమిషాల తేడా వచ్చింది. నేను అబద్ధం రాయలేదు. గుర్తున్నదే రాశాను.

డబ్బు ఎటు వెళ్తోందో అదీ చూడాలి. 2024లో దేశంలో వినోద, ప్రసార రంగాల మొత్తం ఆదాయం దాదాపు 2.5 లక్షల కోట్లు. ఫిక్కీ, ఈవై నివేదిక ప్రకారం అందులో డిజిటల్ వాటా 80,200 కోట్లు, టీవీ వాటా 67,900 కోట్లు. టీవీని డిజిటల్ దాటడం అదే మొదటిసారి. డబ్బు కట్టే డీటీహెచ్ కనెక్షన్లు 2020 చివర్లో 7 కోట్లు దాటి ఉన్నవి, 2025 మార్చికి 5 కోట్ల 69 లక్షలకు తగ్గాయి. టీవీ పెట్టె మాత్రం ఎక్కడికీ పోవడం లేదు. దాని వెనకాల డిష్ గొడుగు బదులు వైఫై వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కాక 30 వేలుండే టీవీకి మూడు వేలు ఆదా.

ఇంటి ఖర్చులో అసలు పెరిగింది రీచార్జి పద్దు. కేబుల్, డీటీహెచ్‌కు 2019 ఫిబ్రవరి 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో అప్పట్లో మొదటి వంద చానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 ఉండేది. దానిపైన కోరుకున్న పే చానెళ్ల ధర. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో మొదలైనప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలే. ఇవి ఇంటికి ఒక్క బిల్లు. ఫోన్ రీచార్జి మనిషికొకటి. 2024 జులైలో రేట్లు పెరిగినప్పుడు జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299కి వెళ్లింది. గడువు 28 రోజులే కాబట్టి ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు వేయించుకోవాలి. అంటే 3,887 రూపాయలు. నలుగురున్న ఇంటికి 15,548. జీబీ చవకైందన్న మాట నిజమే. ఇల్లు మొత్తంగా వినోదానికి పెట్టే ఖర్చు తగ్గిందని మాత్రం ఈ లెక్క చూసి ఎవరూ అనలేరు.

ఇంతా కట్టాక ఆ ఒకటిన్నర జీబీ ఎవరికి ఉపయోగపడుతోందన్నది ఇంటింటికీ వేరుగా ఉంటుంది. 2025లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ టెలికాం సర్వే ప్రకారం దేశంలో 85.5 శాతం ఇళ్లలో కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉంది. ఇంట్లో ఉండటం వేరు, తనదై ఉండటం వేరు. పల్లెల్లో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 80.7 శాతం మందికి సొంత మొబైల్ ఉంటే, ఆడవాళ్లలో 48.4 శాతానికే ఉంది. మిగతావాళ్లు ఇంట్లో ఎవరిదో ఒకరిది అడిగి వాడుకోవాలి. వాళ్ల వినోదం పక్కవాళ్ల తీరికను బట్టి నడుస్తుంది.

మా అమ్మకు సొంత ఫోన్ ఉంది. రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుంది. ఓటీటీ సంస్థలు చెప్పే లెక్క ప్రకారం మామూలు నాణ్యతలో గంట వీడియోకు ఒక జీబీ దాకా పడుతుంది కాబట్టి, గంటన్నరకు సరిపడా బొమ్మ. ఆ మంగళవారం కాగితాలతో పాటు నలుగురి ఫోన్లలో మిగిలిన డేటా కూడా రాత్రి ఎనిమిదికి రాసుకున్నాను. తమ్ముడిది సున్నా. నాది 0.2 జీబీ. నాన్నది 0.6. అమ్మ పొద్దున వాట్సాప్‌లో రెండు ఫొటోలు చూసింది, పిన్నితో వీడియో కాల్ మాట్లాడింది. ఆమెది 1.3 జీబీ అలాగే ఉంది. రాత్రి 12 దాటితే అది ఎవరికీ పనికిరాదు.

ఎనిమిదిన్నరకు తమ్ముడు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అమ్మా, హాట్‌స్పాట్ పెట్టవా" అన్నాడు. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసి పెట్టింది. మళ్లీ పోపు వైపు తిరిగింది.